మోకాలి కింద కాలు పోయినవాళ్లు పరుగు మొదలుపెట్టాలంటే: బ్లేడు ముందా, సాకెట్ ముందా?

తార్నాక_బస్టాపు
ఫిబ్రవరి 8, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. నాకు 27 ఏళ్లు. రెండేళ్ల క్రితం బైకు ప్రమాదంలో కుడికాలు నలిగిపోతే మోకాలికి జానెడు కింద తీసేశారు. ఇప్పుడు కృత్రిమ కాలితో రోజుకు ఐదు కిలోమీటర్లు నడుస్తాను, బస్సెక్కుతాను, ఆఫీసులో మూడంతస్తుల మెట్లూ ఎక్కుతాను. డిగ్రీలో ఉండగా 400 మీటర్లు పరుగెత్తేవాణ్ణి.

మొన్న ఆదివారం ఇంకా తెల్లవారకముందే ఉస్మానియా క్యాంపస్‌లో నడుస్తుంటే వెనకనుంచి ఆరేడుగురు పరుగెత్తుకుంటూ నన్ను దాటి వెళ్లారు. వాళ్ల బూట్ల చప్పుడు వినిపించినంతసేపూ అక్కడే నిలబడిపోయాను.

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ జరిగేటప్పుడు పది కిలోమీటర్ల పరుగులో దిగాలని ఉంది. ఒకచోట అడిగితే విదేశీ బ్లేడు, అంటే పరుగు కోసం చేసిన వంపు కాలు, లక్షల్లో పడుతుందనీ, సగం ముందు కడితే నెలలో తెప్పిస్తామనీ అన్నారు. నాన్నగారు తన పీఎఫ్‌లోంచి తీస్తానంటున్నారు. అమ్మకు ఇంకా చెప్పలేదు. పరుగు మాటెత్తితే ఆమెకు ప్రమాదం జరిగిన రోజే గుర్తొస్తుంది.

ఇప్పుడున్న కాలితోనే పాతిక అడుగులు పరుగెత్తి చూశాను. సాయంత్రం లైనర్ (కాలికి తొడుక్కునే సిలికాన్ తొడుగు) తీస్తే కాలి చివర ఎర్రగా కందిపోయి ఉంది. బ్లేడు వస్తే ఇది పోతుందా? డబ్బు కట్టమని నాన్నగారికి చెప్పనా, వద్దా?

తెల్లవారుజాము
ఫిబ్రవరి 8, రాత్రి 11:05

కట్టవద్దు. వయసులో చిన్నవాడివి కాబట్టి తమ్ముడూ అంటున్నాను, ఏమీ అనుకోకు. ఆ కందడం బ్లేడుతో పోయేది కాదు.

నాది ఎడమకాలు, నీలాగే మోకాలి కింద. పరుగు మొదలుపెట్టి ఏడేళ్లు. మొదటి బ్లేడు కొన్నప్పటి సంగతి చెబుతాను, ఎక్కడ కొన్నానన్నది అనవసరం. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన రోజు కాగితం మీద నా బరువు 61 కిలోలు. ఆ అంకె చూసే బ్లేడు తెప్పించారు. అది చేతికి వచ్చేనాటికి నేను 74 కిలోలు. నన్ను మళ్లీ తూకం వేయాలని అక్కడ ఎవరికీ తోచలేదు. పైగా నడిచే కాలికి ఉన్న సాకెట్‌నే, అంటే మిగిలిన కాలు దూరే గట్టి తొడుగునే, విప్పి దానికి బ్లేడు బిగించి పంపేశారు.

మొదటి వారం ఒళ్లు తేలిపోయినట్టు అనిపించింది. రెండో వారంలో ముందరి ఎముక చివర బొబ్బ లేచింది. నేను ఆగలేదు. బొబ్బ పుండైంది. అది మానడానికి పదకొండు వారాలు పట్టింది. ఆ పదకొండు వారాలూ నడిచే కాలు కూడా తొడుక్కునే వీలు లేక చంకకర్రలే గతి అయ్యాయి. అప్పుడు మా పాప యూకేజీ. రోజూ బడి గేటు దాకా నా చూపుడు వేలు పట్టుకుని వచ్చేది. రెండు చేతుల్లో కర్రలుంటే వేలు ఎక్కడుంటుంది?

మీ నాన్నగారి డబ్బు ముందు మంచి సాకెట్ మీద పెట్టించు. బ్లేడు ఎక్కడికీ పోదు.

మూసీ_ఒడ్డు
ఫిబ్రవరి 9, ఉదయం 7:30

అన్నా, మీ బాధ అర్థమైంది కానీ ఈ సలహాతో నేను ఏకీభవించను. సాకెట్ బాగా కుదిరాక చూద్దాం, బరువు నిలకడగా ఉన్నాక చూద్దాం అంటూ మూడేళ్లు వాయిదా వేసిన మనిషిని నేను. ఆ మూడేళ్లలో పరుగెత్తాలన్న కోరికే సన్నగిల్లింది. చివరికి ఒక స్నేహితుడి పాత బ్లేడు పెట్టుకుని వంద మీటర్లు వెళ్లిన రోజున గానీ ప్రాణం లేచిరాలేదు. కోరిక వేడిగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. నెలకు రెండుసార్లైనా అద్దెకో, అరువుకో బ్లేడు మీద నిలబడితే మిగతా కష్టమంతా ఓర్చుకునే బలం వస్తుంది.

సాకెట్_మేస్త్రీ
ఫిబ్రవరి 9, రాత్రి 9:48

ఇద్దరూ చెప్పింది చదివాను. నేను కృత్రిమ అవయవాల తయారీలో పందొమ్మిదేళ్లుగా ఉన్నాను. కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

బ్లేడు అంటే కార్బన్ ఫైబర్ పొరలను ఒకదాని మీద ఒకటి పేర్చి, రెసిన్‌తో కలిపి, వేడిలోనూ ఒత్తిడిలోనూ గట్టిపరచిన ఒక వంపు. 1976లో వాన్ ఫిలిప్స్ అనే అమెరికన్ యువకుడు నీటిమీద స్కీయింగ్ చేస్తూ మోకాలి కింద కాలు కోల్పోయాడు. అప్పటి కృత్రిమ పాదాలు చూడటానికి పాదంలా ఉండేవి, స్ప్రింగులా మాత్రం పనిచేసేవి కావు. అతడు పాదం రూపాన్ని పక్కన పెట్టి, చీతా వెనక కాలి వంపును పట్టుకున్నాడు. 1984లో సంస్థ పెట్టాడు. 2000లో దాన్ని ఐస్‌లాండ్ సంస్థ ఓసుర్ కొన్నది. నేడు మనం టీవీలో చూసే వంపుల్లో చాలావాటికి మూలం అదే.

పరుగులో కాలు నేలను తాకిన ప్రతిసారీ శరీర బరువుకు రెండు మూడు రెట్ల ఒత్తిడి పడుతుంది. 70 కిలోల మనిషికి 140 నుంచి 210 కిలోలు. ఆ ఒత్తిడికి బ్లేడు వంగుతుంది, వంగినది తిరిగి సాగుతూ మనిషిని ముందుకు తోస్తుంది. తనంతట తాను బలం పుట్టించదు. పిక్క కండరం ఉన్నవాళ్లకు చీలమండ దగ్గర పుట్టే తోపు ఇందులో లేదు. మీరు ఇచ్చినదే, కొంత తరుగుతో, తిరిగి ఇస్తుంది. అందుకే మీ బరువుకు తగిన గట్టిదనం ఉండాలి. మెత్తనిదైతే కూలబడినట్టు అవుతుంది, మరీ గట్టిదైతే కర్ర మీద గెంతినట్టు ఉంటుంది. బ్లేడు ఆర్డరు పెట్టేది ఏ రోజైతే ఆ రోజు బరువే రాయాలి.

మరి ఆ రెండు వందల కిలోల దెబ్బ బ్లేడు నుంచి ఎక్కడికి వెళుతుంది? సాకెట్‌లోకి, సాకెట్ నుంచి చర్మంలోకి. అరికాలి చర్మం అడుగు వేయడం నేర్చిన నాటి నుంచి బరువు మోయడానికి అలవాటుపడింది. పిక్క మీది చర్మానికి ఆ అలవాటు లేదు. దానికి మనం నేర్పాలి. అది నేర్చుకునే బడి సాకెట్టే.

సాకెట్ ఎలా తయారవుతుందో తెలిస్తే మీరు సరైన ప్రశ్నలు అడగగలుగుతారు. ముందు కాలికి ప్లాస్టర్ బ్యాండేజీ చుట్టి అచ్చు తీస్తాం. అందులో ప్లాస్టర్ పోస్తే మీ కాలి ప్రతిరూపం వస్తుంది. దాన్ని ఉన్నది ఉన్నట్టుగా వాడితే సాకెట్ పనికిరాదు. మోకాలి చిప్ప కింద బొటనవేలితో నొక్కితే గట్టిగా తగిలే పట్టీ ఉంటుంది. అది బరువు మోస్తుంది, కాబట్టి ప్రతిరూపంలో అక్కడ గీకి లోతు చేస్తాం. మోకాలి బయటివైపు చేతికి తగిలే చిన్న ఎముక గుబ్బ, ముందరి ఎముక అంచు, దాని కొస ఒత్తిడిని భరించలేవు. అక్కడ ప్లాస్టర్ అదనంగా పూసి చోటు ఇస్తాం. ఎంత గీకాలి, ఎంత పూయాలి అన్నది చేతికి అబ్బే విద్య. నాకు సరిగా రావడానికి ఆరేళ్లు పట్టింది.

తరవాత పారదర్శకమైన ప్లాస్టిక్‌తో పరీక్ష సాకెట్ చేస్తాం. అది తొడిగి మిమ్మల్ని నిలబెట్టి చుట్టూ చూస్తే, ఒత్తిడి ఎక్కువైన చోట చర్మం తెల్లగా పాలిపోయి కనిపిస్తుంది. అడుగున గోలీకాయంత మట్టి ముద్ద పెట్టి నిలబడమంటాం. బయటికి తీసినప్పుడు అది అప్పడంలా నలిగి ఉంటే కాలి చివర అడుగును గుద్దుకుంటోందని అర్థం. అసలు నలగకుండా ఉంటే కింద ఖాళీ మిగిలిందని అర్థం. ఈ రెండు పరీక్షలూ చేయకుండా నేరుగా కార్బన్ సాకెట్ చేసి చేతికిచ్చే చోటికి వెళ్లకండి.

తార్నాక తమ్ముడూ, మీ కాలి కొస కందిందంటే ఆ మట్టి ముద్ద మీకు సమాధానం చెబుతుంది. ఇంకో మాట. కాలు తీశాక మొదటి ఏడాది, ఒక్కోసారి అంతకుమించి, మిగిలిన కాలు సన్నబడుతూనే ఉంటుంది. ఉదయానికీ సాయంత్రానికీ కూడా తేడా వస్తుంది. అందుకే ఒక పొర, మూడు పొరలు, ఐదు పొరల సాక్సులు ఇస్తాం. మీరు రోజుకు ఎన్ని పొరలు వేస్తున్నారు?

తార్నాక_బస్టాపు
ఫిబ్రవరి 10, ఉదయం 6:15

మేస్త్రీ గారూ, ఇంత ఓపికగా రాసినందుకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఉదయం ఐదు పొరలది, మధ్యాహ్నం దాని మీద మూడు పొరలది. సాకెట్ చేయించి పద్నాలుగు నెలలైంది. పరీక్ష సాకెట్ అన్న మాట ఈరోజే మొదటిసారి విన్నాను.

సాకెట్_మేస్త్రీ
ఫిబ్రవరి 10, ఉదయం 8:02

ఎనిమిది పొరలంటే ఆ సాకెట్ కాలం తీరింది. అందులో కాలు పిస్టనులా పైకీ కిందికీ ఆడుతోంది. పరుగు అటుంచండి, నడక కోసమైనా ముందు కొత్తది చేయించుకోండి. మూసీ_ఒడ్డు గారు చెప్పిన కోరిక వేడి నిజమే, నేను కాదనను. కానీ ఈ సాకెట్‌తో అరువు బ్లేడు కూడా వద్దు.

గణితం_సారు
ఫిబ్రవరి 10, రాత్రి 8:40

నా ఇద్దరు కొడుకులకూ కాళ్లు బాగానే ఉన్నాయి, నేను ఇక్కడికి వచ్చింది మా బడిలో ఒక విద్యార్థి కోసం. వాడికి పదమూడేళ్లు, మోకాలి కింద ఒక కాలు లేదు, పరుగంటే ప్రాణం. జిల్లా పోటీల మాట వచ్చినప్పుడు తోటి ఉపాధ్యాయుడొకరు, స్ప్రింగు కాలుతో పరుగెత్తేవాడికి మామూలు పిల్లలకన్నా లాభం ఉంటుంది కదా అన్నారు. ఏమని బదులివ్వాలో తెలియలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

మూసీ_ఒడ్డు
ఫిబ్రవరి 10, రాత్రి 9:55

సారూ, ఇది పెద్దవాళ్లు కోర్టుల దాకా తీసుకెళ్లిన ప్రశ్న. రెండు కాళ్లకూ బ్లేడ్లున్న దక్షిణాఫ్రికా పరుగువీరుడు ఆస్కార్ పిస్టోరియస్‌ను 2008లో అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య నిషేధించింది. అదే ఏడాది క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టేసింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో అతడు 400 మీటర్ల సెమీఫైనల్ దాకా వెళ్లాడు. కొన్ని వారాల తరవాత పారాలింపిక్స్ 200 మీటర్లలో బ్రెజిల్‌కు చెందిన అలన్ ఒలివేరా చేతిలో ఓడిపోయి, అతడి బ్లేడ్లు మరీ పొడవని పిస్టోరియసే ఫిర్యాదు చేశాడు! 2020లో అమెరికన్ బ్లేక్ లీపర్ విషయంలో అదే న్యాయస్థానం, ఆ పొడవు బ్లేడ్లతో పరుగెత్తనివ్వలేమంది.

గమనించండి, వీళ్లంతా రెండు కాళ్లూ లేనివాళ్లు. రెండూ లేకపోతే అసలు ఎత్తు ఎంతో కొలవడానికి సొంత కాలు ఉండదు, అందుకే వివాదం. పారా అథ్లెటిక్స్‌లో 2018 నుంచి శరీరంలోని మిగతా కొలతలను బట్టి గరిష్ఠ ఎత్తును లెక్కగట్టే సూత్రం మార్చి, కఠినం చేశారు. మీ విద్యార్థికి ఒక కాలు ఉంది కదా, అదే కొలబద్ద.

లాభం మాటకొస్తే, ఇది వినండి. ట్రాక్ మీద ఎప్పుడూ ఎడమవైపుకే తిరుగుతాం. ఎడమకాలు లేనివాళ్లు వంపులో, కుడికాలు లేనివాళ్లకన్నా నెమ్మదిస్తారు. లోపలివైపు కాలు కృత్రిమమైతే దాదాపు 4 శాతం వేగం తగ్గుతుందని అమెరికాలో పరిశోధకులు 2016లో కొలిచి చెప్పారు. ప్రారంభంలో దిమ్మ మీది నుంచి లేవడమూ కష్టమే, చీలమండ తోపు లేదు కాబట్టి. ఊపందుకున్నాకే బ్లేడు సాయం చేస్తుంది.

లాంగ్‌జంప్ సంగతి వేరు. జర్మనీకి చెందిన మార్కస్ రెమ్ బ్లేడు మీది నుంచే ఎగిరి 2023లో 8.72 మీటర్లు దూకాడు. రెండు కాళ్లూ ఉన్నవాళ్ల ప్రపంచ రికార్డు 8.95. అతణ్ణి ఒలింపిక్స్‌లోకి రానివ్వలేదు. అక్కడ లాభముందా లేదా అనే చర్చకు చోటుంది, నేను కాదనను. జిల్లా స్థాయి వంద మీటర్లలో పదమూడేళ్ల పిల్లవాడి విషయంలో ఆ చర్చకు చోటు లేదు. వాణ్ణి పరుగెత్తనివ్వండి.

తెల్లవారుజాము
ఫిబ్రవరి 10, రాత్రి 10:20

నాది ఎడమకాలు. ఆ వంపు నాకు బాగా తెలుసు. 200 మీటర్లలో వంపు దాటేదాకా ఎవరో చొక్కా వెనక్కి పట్టుకున్నట్టే ఉంటుంది. తమ్ముడూ, నీది కుడికాలు, నీ 400 మీటర్లకు అది మేలు.

గణితం_సారు
ఫిబ్రవరి 11, ఉదయం 6:50

మూసీ_ఒడ్డు గారూ, మీరు రాసినదంతా అచ్చుతీసి స్టాఫ్ రూములో అందరి ముందూ చదువుతాను. మా వాడు కూడా కుడికాలే.

కీసరగుట్ట
ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 2:30

ఈ చర్చంతా మోకాలు ఉన్నవాళ్ల చుట్టూ తిరుగుతోంది. నాకు తొడ మధ్య నుంచి కాలు లేదు. 41 ఏళ్లు, ఇద్దరు పిల్లల తల్లిని. పరుగు అన్న మాటే నాకు సంబంధం లేనిదని ఎనిమిదేళ్లు అనుకున్నాను. మనకు మోకాలు కూడా యంత్రమే కాబట్టి అది ఎప్పుడు మడుస్తుందో, ఎప్పుడు నిలుస్తుందో ప్రతి అడుగులోనూ తుంటితో చెప్పాలి. మోకాలు సరిగ్గా సాగకముందే బరువు వేస్తే నేలమీద ఉంటాం.

అయినా దారి ఉంది. కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్‌కు కుడికాలు మోకాలి పైన తీసేశారు. బ్లేడ్లు పుట్టకముందే, 1980లో, మామూలు కృత్రిమ కాలితో, మంచి కాలి మీద రెండుసార్లు గెంతుతూ, కృత్రిమ కాలిని ముందుకు విసురుతూ 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు వెళ్లాడు. క్యాన్సర్ తిరగబెట్టి ఆగిపోయాడు గానీ, కాలు అతణ్ణి ఆపలేదు. నేను ఆ రెండు గెంతుల పద్ధతిలోనే మా కాలనీ పార్కులో మొదలుపెట్టాను. మోకాలు మడవకుండా బిగించేసి, కాలిని పక్కనుంచి అర్ధచంద్రంలా తిప్పుతూ పరుగెత్తేవాళ్లూ ఉన్నారు. మొదట్లో అదే క్షేమం. పోటీల్లో మన వర్గం టీ63, మోకాలి కింద ఒక కాలు లేనివాళ్లది టీ64. ఆడవాళ్లెవరైనా ఉంటే నాకు సందేశం పంపండి. సాకెట్ పై అంచు తొడ లోపలి వైపు ఒరుసుకోవడం గురించి మగవాళ్ల ముందు అడగలేకపోతున్న చెల్లెళ్లు ముగ్గురు ఇప్పటికే రాశారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

బాబు_వాళ్ల_అమ్మ
ఫిబ్రవరి 12, రాత్రి 9:15

అక్కా, మీరు రాసింది చదివి ఏడ్చాను. మా బాబుకు తొమ్మిదేళ్లు, నాలుగేళ్లప్పుడు మోకాలి కింద పోయింది. ఆటల పీరియడ్‌లో వాణ్ణి సంచుల కాపలాకు కూర్చోబెడుతున్నారు. బ్లేడు అడుగుతున్నాడు. ఇప్పుడే కొనాలా?

సాకెట్_మేస్త్రీ
ఫిబ్రవరి 12, రాత్రి 10:40

అమ్మా, పెరిగే పిల్లలకు సాకెట్ ఏడాదికోసారైనా మార్చాల్సి వస్తుంది. పైగా ఎముక మధ్యలో కోసిన కాలైతే పిల్లల్లో ఆ కొస మళ్లీ పెరిగి మొనదేలుతుంది, చర్మాన్ని లోపలినుంచి పొడుస్తుంది. బాబు చివర నొక్కితే నొప్పి అంటే ఆలస్యం చేయకుండా ఎముకల వైద్యుడికి చూపించండి. బ్లేడు తరవాత. ఇప్పుడున్న కాలితోనే కుంటాట, బంతి, తాడాట, అన్నీ ఆడనివ్వండి. సంచుల కాపలా మాత్రం వద్దని రేపే బడికి వెళ్లి చెప్పండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మీ వైపు ఉంది.

ఫిజియో_మల్కాజిగిరి
ఫిబ్రవరి 13, ఉదయం 11:00

తార్నాక గారూ, సాకెట్ తయారయ్యేలోగా తుంటి కండరాలు పెంచండి. పక్కకు పడుకుని కాలు ఎత్తడం, వంతెనలా నడుము లేపడం, మంచి కాలి మీద ఒంటికాలి బస్కీలు. బ్లేడు పరుగులో పిక్క చేయాల్సిన పని తుంటి చేస్తుంది. మంచి కాలి మోకాలినీ కాపాడుకోండి, జీవితాంతం ఎక్కువ బరువు మోసేది అదే.

కొత్తపేట_రైతుబజారు
ఫిబ్రవరి 15, రాత్రి 8:20

బీబీనగర్ ఎయిమ్స్ వాళ్లు చవకలో కార్బన్ కాలు తయారుచేశారని చదివాను. దానితో పరుగెత్తవచ్చా?

సాకెట్_మేస్త్రీ
ఫిబ్రవరి 15, రాత్రి 9:30

మంచి విషయం గుర్తుచేశారు. 2025 జూలైలో కంచన్‌బాగ్‌లోని క్షిపణి పరిశోధనశాల డీఆర్‌డీఎల్, బీబీనగర్ ఎయిమ్స్ కలిసి కార్బన్ ఫైబర్ పాదాన్ని బయటపెట్టాయి. 125 కిలోల బరువు దాకా పరీక్షించారు. దిగుమతి చేసుకునే పాదం రెండు లక్షల దాకా పడుతుంటే, దీన్ని 20 వేల లోపే ఇవ్వగలమన్నారు. అది నడక పాదం. చురుగ్గా నడిచేవాళ్లకు వరం. పరుగు బ్లేడుకు మడమ ఉండదు, వంపు పొడవు, సాకెట్‌కు బిగించే చోటు, అన్నీ వేరు. దానితో పోటీ పరుగు వద్దు.

కానీ నాకు ఆశ కలిగించేది వేరే ఉంది. క్షిపణుల కోసం నేర్చిన విద్య మన ఊళ్లో కాళ్ల దగ్గరికి రావడం ఇది మొదటిసారి కాదు. అబ్దుల్ కలాం గారు క్షిపణుల పనిలో ఉన్న రోజుల్లో నిమ్స్ వైద్యులతో కలిసి, పోలియో పిల్లలు మోస్తున్న మూడు కిలోలకు పైబడిన ఇనుప క్యాలిపర్ల స్థానంలో 300–400 గ్రాములవి తయారుచేయించారు. అంతకుముందు 1968లో జైపూర్‌లో శస్త్రవైద్యుడు పి.కె. సేఠీ, చేతిపనివాడు రామచంద్ర శర్మ కలిసి రబ్బరుతో చేసిన పాదం, పొలంలో వట్టి కాళ్లతో నడవడానికీ నేలమీద బాసింపట్టు వేసుకోవడానికీ పనికొచ్చింది. దానితోనే సుధా చంద్రన్ వేదిక మీద నాట్యం చేశారు. మన అవసరానికి మన చేతులతో చేసుకున్నప్పుడే అది పదిమందికి అందింది. పరుగు బ్లేడు కూడా ఇక్కడే తయారు కావాలి. కార్బన్ పొరలు పేర్చడం తెలిసిన చేతులు ఈ ఊళ్లో ఎన్నో ఉన్నాయి. నేను రిటైరయ్యేలోగా అది చూడాలి.

తార్నాక_బస్టాపు
ఏప్రిల్ 4, రాత్రి 9:00

ఆలస్యానికి మన్నించండి. నాన్నగారి డబ్బులో కొంతతో కొత్త సాకెట్ చేయించుకున్నాను. పరీక్ష సాకెట్ అడిగితే చేసేవాళ్లను వెతకడానికి మూడు వారాలు పట్టింది. ఒకచోట, అవన్నీ ఎవరు చెప్పారు మీకు అని విసుక్కున్నారు. లేచి వచ్చేశాను.

పరీక్ష రోజు గురించి రాయాలి. పారదర్శకమైన ప్లాస్టిక్‌లోంచి నా కాలిని నేను మొదటిసారి సరిగ్గా చూసుకున్నాను. ఈ రెండేళ్లూ లైనర్ తీయగానే కళ్లు తిప్పుకునేవాణ్ణి. నిలబడగానే బయటివైపు గుబ్బ మీద రూపాయి బిళ్లంత మేర చర్మం తెల్లబడింది. ఆయన ప్లాస్టిక్ మీద పెన్నుతో గుండ్రంగా గీశారు, వేడిగాలి పెట్టి అక్కడ కొంచెం బయటికి ఉబ్బించారు, మళ్లీ నిలబడమన్నారు. ఈసారి రంగు మారలేదు. మట్టి ముద్ద మొదటిసారి అప్పడమే. నాలుగోసారికి గోలీ ఆకారం పోకుండా, పైన కొంచెం చదునై వచ్చింది. ఆయన దాన్ని నా అరచేతిలో పెట్టి చూపించారు. ఇంటికి తెచ్చుకున్నాను, నా టేబుల్ మీదే ఉంది.

ఇప్పుడు సాయంత్రం ఒక పొర సాక్సు చాలు. కందడం లేదు. బ్లేడు ఆర్డరు పెట్టాను, నా బరువు ఆ రోజే తూచారు, 68.

తెల్లవారుజాము
ఏప్రిల్ 4, రాత్రి 9:25

శభాష్. బ్లేడు వచ్చాక అది మంచి కాలికన్నా పొడవుగా అనిపిస్తుంది, తప్పుగా బిగించారని గాభరా పడకు. పరుగులో వంగినప్పుడు కుదించుకుంటుంది కాబట్టి కొన్ని సెంటీమీటర్లు ఎక్కువే పెడతారు. మడమ లేదు కాబట్టి కదలకుండా నిలబడలేవు. మొదటి వారం ప్రహరీ గోడ పక్కనే ఉండు. గ్రౌండుకు నడిచే కాలితో వెళ్లు, అక్కడ మార్చుకో.

అడుగున సోలు వారాల్లో అరిగిపోతుంది. విదేశీ సోలు కోసం ఎదురుచూడకు. మా వీధిలో చెప్పులు కుట్టే పెద్దాయన పాత పరుగు బూట్ల అడుగు కోసి, రబ్బరు జిగురు రెండు వైపులా రాసి, పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, సుత్తితో కొట్టకుండా తాడుతో చుట్టి ఒక రాత్రి వదిలేస్తాడు. సుత్తి తగిలితే కార్బన్ పొరలు లోపల విడిపోతాయని నేను ఒక్కసారి చెప్పాను. అప్పటి నుంచి తన పనిముట్ల పెట్టెను కూడా దాని పక్కన పెట్టడు.

తార్నాక_బస్టాపు
మే 19, ఉదయం 8:10

బ్లేడు వచ్చి పన్నెండు రోజులు. ఎండకు చచ్చిపోతున్నాను. ఇరవై నిమిషాలకే కాలు సాకెట్‌లో జారుతోంది. గ్రౌండు పక్కన కూర్చుని లైనర్ తీసి వంచితే చెమట ధారలా కారింది.

సాకెట్_మేస్త్రీ
మే 19, ఉదయం 9:40

సిలికాన్ లోపలికి గాలి పోదు, హైదరాబాద్ మే నెలలో ఇది తప్పదు. జారుతున్నట్టు అనిపించిన క్షణమే ఆగండి, ఇంకో రౌండు పూర్తిచేద్దామనుకోవద్దు. పుండ్లన్నీ ఆ ఇంకో రౌండులోనే పుడతాయి. పదిహేను నిమిషాలకోసారి విప్పి తుడుచుకుని తొడుక్కోండి. రెండు లైనర్లు ఉంటే ఒకటి ఆరుతుంటే ఇంకొకటి. రోజూ రాత్రి మృదువైన సబ్బుతో కడిగి, సబ్బు జాడ లేకుండా నీళ్లు పోసి, నీడలో ఆరబెట్టండి. ఉదయం ఐదింటికల్లా మొదలుపెట్టి ఆరున్నరకు ముగించండి.

కీసరగుట్ట
మే 19, ఉదయం 10:05

బాబు వాళ్ల అమ్మా, ఎలా ఉన్నాడు?

బాబు_వాళ్ల_అమ్మ
మే 19, మధ్యాహ్నం 1:20

అక్కా, ఎముక కొస పెరిగిందని చిన్న ఆపరేషన్ చేశారు. కోలుకున్నాడు. వచ్చే నెల కొత్త సాకెట్. బడిలో ఇప్పుడు సంచులు గోడ పక్కన ఉంటున్నాయి, వీడు ఖోఖో ఆడుతున్నాడు.

తార్నాక_బస్టాపు
జూన్ 21, ఉదయం 9:30

ఈరోజు 400 మీటర్లు ఆగకుండా పూర్తిచేశాను. సమయం చూసుకోలేదు. మొదటి వంపులో బ్లేడు మీద బరువు వేయడానికి భయపడి మంచి కాలితోనే లాక్కొచ్చాను. ఎదుటి వైపు తిన్నని దారికి వచ్చాక తెల్లవారుజాము అన్న పక్కన పరుగెత్తుతూ, చప్పుడు విను అన్నాడు. విన్నాను. ఒక అడుగు మెత్తగా, ఒక అడుగు ట్రాక్ మీద టక్కున. టక్కు, మెత్త, టక్కు, మెత్త. మధ్య ఖాళీలు సమానం కావడం వినిపించింది. ఆ తరవాత కాళ్ల గురించి ఆలోచించలేదు.

ఆగస్టులో పది కిలోమీటర్లు కాదు, ఐదే. మేస్త్రీ గారు అంతే అన్నారు, నాకూ అదే సబబనిపించింది.

సోలు బయటి అంచు ఒక్కటే ఎక్కువ అరుగుతోంది. ఫొటో పెట్టాను. ఇంకో ముక్క అంటిస్తే సరిపోతుందా?

సాకెట్_మేస్త్రీ
జూన్ 21, ఉదయం 10:15

అంటించవద్దు. బయటి అంచు అరుగుతోందంటే సాకెట్ కింద బ్లేడు ఉన్న చోటు సరిగా లేదు, కొంచెం జరపాలి. శనివారం సాయంత్రం తీసుకురండి. ఆ అరిగిన సోలు అలాగే ఉండనివ్వండి, నేను చూడాల్సింది దాన్నే.

తార్నాక_బస్టాపు
జూన్ 21, ఉదయం 10:32

తెస్తాను. తెల్లవారుజాము అన్నా, నిన్న రాత్రి అమ్మకు చెప్పాను. వచ్చే ఆదివారం తనూ గ్రౌండుకు వస్తానంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేదు. అక్కడ కూర్చోవడానికి ఏమైనా ఉందా?

తెల్లవారుజాము
జూన్ 21, ఉదయం 10:40

రెండో వంపు దగ్గర వేపచెట్టు కింద సిమెంటు బెంచీ ఉంది. ఎడమవైపు కొన విరిగింది, కుడివైపు కూర్చోమను. మా పాపను కూడా తీసుకొస్తున్నాను, అమ్మగారికి తోడుగా ఉంటుంది. ఐదుంబావుకల్లా వచ్చేయండి.